రోమన్ కాసుకి ఫోటో తీసేది ఎట్టా? ముందు లైటు, ఆ తర్వాతే ఎడిటింగ్

వాట్సాప్ లో ఎవరో ఒకరు పాత కాసు ఫోటో పెట్టి "అన్నా, ఇది రోమన్ దేనా, ఎంత పలుకుద్ది" అని అడగతానే ఉంటారు. ఫోటో తెరిస్తే అరచేతి మధ్యలో తెల్లగా మెరిసే మచ్చ ఒకటి, చుట్టూ చేతి గీతలు మాత్రం శుభ్రంగా కనపడతా ఉంటాయి. చెయ్యి చూసి జాతకం చెప్పమంటే చెప్పొచ్చు గానీ కాసు చూసి రాజెవరో చెప్పలేం. పోనీ ఫోన్ మంచిది కాదా అంటే అది యాభై వేల ఫోను. తేడా అంతా వెలుతురు దగ్గరే వస్తా ఉంది, ఆ తర్వాత ఎడిటింగ్ అని చెప్పి చేసే పనుల దగ్గర ఇంకాస్త వస్తా ఉంది. ఈ రెండూ ఎట్టా పనిచేస్తాయో తెలిస్తే మామూలు ఫోన్ తో కూడా పనికొచ్చే ఫోటో తీయొచ్చు.

అసలు మనకెందుకు ఈ గొడవ అంటారా, నెల్లూరోళ్ళకి ఇది పరాయి సంగతేం కాదు. 1780ల మధ్యలో నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్ళగుట్ట పక్కన దున్నతా ఉంటే నాగలికి ఇటుక కట్టడం అడ్డం తగిలింది, తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక చిన్న కుండ, అందులో క్రీ.శ. 2వ శతాబ్దపు రోమన్ బంగారు కాసులు. ఆయన పాత బంగారం కింద అమ్మేశాడు, కొన్నోళ్ళు కరిగించేశారు. ఆర్కాటు నవాబు కుటుంబానికి చెందిన అమీరుల్ ఉమరా ముప్పైకి పైగా వెనక్కి రాబట్టాడు, అప్పటి మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్సన్ వాటిలోంచి రెండు ఏరుకున్నాడు, ఒకటి రోమన్ చక్రవర్తి హేడ్రియన్ ది, ఇంకోటి ఫాస్టినా అనే రోమన్ రాణిది. తర్వాత ఆయన రాసిన ఉత్తరం కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వాళ్ళ సంపుటంలో అచ్చయింది కాబట్టి ఈ మాత్రమన్నా తెలుసు. కొన్ని కాసులు నిన్ననే టంకశాల నుంచి వచ్చినట్టు కొత్తగా ఉన్నాయనీ, కొన్ని అరిగి, బెజ్జాలు పెట్టి ఉన్నాయనీ, చేతికో మెడలోనో వేసుకొని ఉంటారనీ ఆయన రాశాడు. కాసులపేరు వేసుకునే ఊళ్ళో ఉన్నోళ్ళకి అది వింతేం కాదు.

కానీ ఆ కుండలో ఉన్న ట్రాజన్ చక్రవర్తి కాసులు ఏ రకానివి, ఏ సంవత్సరానివి, ఏ అచ్చు మీద కొట్టినవి అంటే చెప్పే దారి లేదు. ఫోటోగ్రఫీ లోకానికి తెలిసిందే 1839లో. ఒంగోలు దగ్గర రోమన్ కాసులు దొరికినట్టు పాత రికార్డుల్లో ఉంది, వినుకొండలో 15 బంగారు కాసులు దొరికినట్టు ఉంది, వాటి గురించి ఇవాళ మనకి మిగిలింది చాలావరకు ఎవరో రాసిపెట్టిన నాలుగు లైన్లే. అందుకే నా లెక్కలో కాసు ఫోటో అనేది సాక్ష్యం. అందంగా ఉండటం తర్వాత సంగతి. కాసు రేపు చేతులు మారుద్దో, కరుగుద్దో, లాకర్లోకి పోతుందో తెలీదు, ఫోటో చూసినోడికి కాసు చేతిలో పట్టుకున్నంత సమాచారం అందాలి, లేనిది ఒక్కటి కూడా అందకూడదు. కింద చెప్పేదంతా ఆ ఒక్క లెక్క మీదే.

ముందు ఏం కనపడాలో తెలిస్తే ఎట్టా తీయాలో తెలుస్తుంది. దక్షిణాదిలో దొరికే రోమన్ వెండి కాసు పేరు డెనేరియస్, అడ్డం కొలిస్తే సుమారు 18 మిల్లీమీటర్లు, మొదటి రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలంలో బరువు 3.9 గ్రాముల దాకా ఉండేది, తర్వాతొచ్చిన నీరో చక్రవర్తి క్రీ.శ. 64లో బరువూ తగ్గించాడు, వెండి శాతమూ తగ్గించాడు. బంగారుది ఆరియస్, దగ్గర దగ్గర 20 మిల్లీమీటర్లు, ఏడెనిమిది గ్రాములు. మన దక్కనులో ఎక్కువ కనపడేవి రెండు రకాలు. ఒకటి అగస్టస్ ది, వెనక వైపు ఆయన దత్తపుత్రులు గాయస్, లూసియస్ ఇద్దరూ డాళ్ళు, ఈటెలు పట్టుకొని నిలబడి ఉంటారు, క్రీ.పూ. 2 నుంచి ఇప్పటి ఫ్రాన్స్ లోని లియోన్ లో కొట్టినవి. రెండోది ఆయన తర్వాతి చక్రవర్తి టైబీరియస్ ది, వెనక కుర్చీలో కూర్చున్న స్త్రీ. గాయస్, లూసియస్ రకంలో ఆ ఇద్దరి మధ్య డాళ్ళకి పైన రెండు చిన్న వస్తువులు ఉంటాయి, పూజారులు వాడే గరిటె ఒకటి, కొన వంకర తిరిగిన కర్ర ఒకటి. ఏది ఎడమ, ఏది కుడి అనేదాన్ని బట్టి కేటలాగులో నంబరు మారిపోద్ది. ఒక్కోటి రెండు మూడు మిల్లీమీటర్ల కంటే ఉండదు. అరచేతిలో పెట్టి తీసిన ఫోటోలో ఇది కనపడే అవకాశమే లేదు, అదీ సమస్య.

ఇప్పుడు లైటు సంగతి. కాసు మీద బొమ్మ ఎత్తు చాలా తక్కువ, డెనేరియస్ మీద మిల్లీమీటర్ లోపే. ఆ కాస్త ఎత్తుపల్లాలే మనం చదవాల్సింది, వాటికి రంగు తేడా ఉండదు, అంతా ఒకే లోహం. అంటే బొమ్మని చూపించేది నీడ ఒక్కటే. మిట్టమధ్యాహ్నం మిద్దె ఎక్కి పొలం చూస్తే గట్లు సరిగా ఆనవు, అదే సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే ప్రతి గట్టుకీ నీడ పడి ఎవరి మడి ఎంతో లెక్కపెట్టొచ్చు. ఫోన్ ఫ్లాష్ అనేది మిట్టమధ్యాహ్నం ఎండ, లెన్సు పక్కనే ఉంటుంది కాబట్టి నేరుగా పోయి నేరుగా వెనక్కి వస్తుంది, చదునుగా ఉన్న చోటంతా తెల్లగా పేలిపోద్ది, బొమ్మ నీడలు మాయం. కాబట్టి ఫ్లాష్ ఆఫ్. అసలు ఆ బటన్ ఉన్నట్టే మర్చిపోండి.

లైటు పక్క నుంచి రావాలి, కాసు పెట్టిన బల్లకి 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో పెట్టి మొదలుపెట్టండి. బాగా అరిగిన కాసైతే ఇంకా కిందికి దించొచ్చు, కానీ మరీ కిందికి దించితే మొహం సగం నల్లగా అయిపోద్ది, గీతలు మాత్రం కాలవల మాదిరి కనపడతాయి, రెండువేల ఏళ్ళ కాసు మీద గీతలు లేకుండా ఎట్టా ఉంటాయి. అవతలి పక్క తెల్ల అట్టముక్క నిలబెడితే నీడలోకి కొంచెం వెలుతురు తిరిగొచ్చి సర్దుకుంటుంది. లైటుకీ కాసుకీ మధ్య ట్రేసింగ్ పేపర్ గానీ ఉతికిన పాత తెల్ల పంచె ముక్క గానీ అడ్డం పెడితే మెరుపు చుక్కలు మెత్తబడతాయి. వెండి, బంగారం మీద ఇది తప్పనిసరి, ఎందుకంటే అవి చుట్టూ ఉన్నవాటిని అద్దంలా చూపిస్తాయి, ఎర్ర చొక్కా వేసుకొని తీస్తే కాసుకి ఎరుపు వస్తుంది, గదికి ఆకుపచ్చ రంగు వేసుంటే అది కూడా వస్తుంది.

కిటికీ వెలుతురు చాలామందికి సరిపోద్ది. ఉత్తరం వైపు కిటికీ అయితే మంచిది, చాలా నెలలు నేరుగా ఎండ పడదు. మా వైపు ఎండాకాలం సంగతి తెలిసిందే కదా, ఆ ఎండలో కాసు పెడితే వెండి అంతా తెల్లగా కాలిపోయినట్టు వస్తుంది, తెర వేయకుండా మాత్రం తీయొద్దు.

లైటు ఏ దిక్కు నుంచి రావాలి అనేది చాలామంది పట్టించుకోరు, నన్నడిగితే మొత్తంలో ముఖ్యమైంది ఇదే. కాసుని గడియారం అనుకుంటే లైటు 10 నుంచి 12 గంటల మధ్య, అంటే పైనుంచో పై ఎడమ నుంచో రావాలి. కారణం మన కన్నే. వెలుతురు పైనుంచి వస్తుందనే లెక్కతోనే మన మెదడు నీడలు చదువుద్ది. లైటు కింద నుంచి పడితే ఉబ్బెత్తుగా ఉన్న రాజు మొహం గుంటగా, లోపలికి తొలిచినట్టు కనపడుద్ది. చంద్రుడి ఫోటో తల్లకిందులు చేస్తే గుంటలు బుడిపెల్లా కనపడతాయి చూడండి, అదే ఇది. అచ్చు నుంచి వచ్చిన కాసా, అచ్చేనా అని అనుమానం వచ్చేంతగా మారిపోద్ది.

దీంట్లో ఒక మెలిక ఉంది. చాలామంది లైటు కదల్చకుండా కాసుని తిప్పతా బొమ్మ బాగా కనపడే చోట ఆపి తీస్తారు, పద్ధతి మంచిదే, తర్వాత ఎడిటింగ్ లో తల నిటారుగా వచ్చేట్టు ఫోటోని తిప్పుతారు. ఫోటో తిప్పితే అందులో పడిన లైటు కూడా తిరుగుద్ది కదా! కాసుని సగం చుట్టు తిప్పి తీసి, స్క్రీన్ మీద మళ్ళీ సగం చుట్టు వెనక్కి తిప్పితే పైనుంచి వచ్చిన లైటు కింద నుంచి వచ్చినట్టు అయిపోద్ది, మొహం గుంటలో పడుద్ది. ఎక్కడ తప్పు జరిగిందో అర్థం కాక కాంట్రాస్ట్ పెంచతా కూర్చుంటారు. కాసుని బల్ల మీద నిటారుగానే పెట్టి లైటునే జరిపితే ఈ గొడవ ఉండదు. తల కుడి వైపు చూసే రకమైతే పై ఎడమ లైటు తల వెనక నుంచి పడి ముక్కు, పెదాలు నీడలోకి పోతాయి, అప్పుడు 12 గంటలకి జరిపి చూడండి, ముక్కు గీత తేలేదాకా కొంచెం అటూ ఇటూ.

ఇంకో రకం లైటింగ్ ఉంది, లెన్సు దారిలోనే పైనుంచి కాసు మీద పడేది. లెన్సుకీ కాసుకీ మధ్య ఫోటో ఫ్రేమ్ అద్దం ఒకటి 45 డిగ్రీలు వంచి పెట్టాలి, లైటు పక్క నుంచి అద్దం మీదకి కొడితే కొంత వెలుతురు విరిగి నిట్టనిలువుగా కాసు మీద పడుద్ది, లెన్సు అద్దం గుండా చూస్తుంది. అద్దం దాటి అవతలికి పోయిన వెలుతురు తిరిగి రాకుండా అటువైపు నల్ల బట్ట కట్టాలి. ఫలితం మామూలుకి ఉల్టాగా ఉంటుంది, చదును భాగం వెలుగుద్ది, అక్షరాల వాలులు నల్లగా తేలతాయి. అరగని, మెరుపు పోని కాసులకి, రంగులు తేలిన వెండికి ఇది భలే ఉంటుంది. డేవిడ్సన్ చెప్పిన ఆ కొత్త కాసుల్లాంటివి ఎవరి దగ్గరైనా ఉంటే ఇట్టా తీయాలి. అరిగి, మట్టి పట్టిన కాసుకి మాత్రం ఇది పనికిరాదు, పేలవంగా వస్తుంది. కంచు కాసు అయితే అసలే ముదురు ఆకుపచ్చో నలుపో కాబట్టి వెలుతురు తాగేస్తుంది, దానికి పక్క లైటే, కాస్త ఎక్కువ ఎక్స్‌పోజర్ తో.

అసలు లైటు తిప్పలు ఎంతటివంటే వెనకటికి పెద్ద పెద్ద మ్యూజియంల వాళ్ళు కేటలాగుల కోసం కాసుకి బదులు కాసు నుంచి తీసిన ప్లాస్టర్ అచ్చుకి ఫోటో తీసేవాళ్ళు. ప్లాస్టర్ మెరవదు, రంగు తేడాలు ఉండవు, ఎత్తుపల్లాలు మాత్రమే ఉంటాయి. ఇప్పుడు దానికి బదులు కాసునీ కెమెరానీ కదల్చకుండా లైటు మాత్రం చుట్టూ జరపతా చాలా ఫోటోలు తీసి, కంప్యూటర్లో కలిపి, మౌస్ తో లైటు మనకి కావాల్సిన వైపు తిప్పుకొని చూసే పద్ధతి వచ్చింది. 2001లో హ్యూలెట్ ప్యాకర్డ్ ల్యాబ్ లో టామ్ మాల్జ్‌బెండర్ వాళ్ళు దీన్ని తెచ్చారు, అరిగిన అక్షరాలు చదవడానికి దీన్ని మించింది లేదు. అంత సరంజామా లేకపోయినా స్టాండ్ మీద ఫోన్ పెట్టి, టార్చి నాలుగు దిక్కులా మార్చి నాలుగు ఫోటోలు తీసి పంపినా చదివేవాడికి సగం కష్టం తగ్గుద్ది.

కెమెరా సంగతి తొందరగా చెప్పేస్తా. ఫోన్ ని కాసు దగ్గరికి తీసుకుపోకండి. దగ్గరికి పోగానే చాలా ఫోన్లు వాటంతట అవే మ్యాక్రో మోడ్ లోకి మారి వెడల్పు లెన్సు వాడతాయి, అంచులు సాగుతాయి, పైగా ఫోన్ నీడే కాసు మీద పడుద్ది. ఆటో మ్యాక్రో ఆపేసి, ఒక జానెడు దూరం నుంచి 2 ఎక్స్ గానీ 3 ఎక్స్ గానీ జూమ్ పెట్టి తీసి తర్వాత క్రాప్ చేసుకోండి. ఫోన్ చేత్తో పట్టుకోవద్దు, స్టాండ్ లేకపోతే రెండు పుస్తకాల దొంతరల మధ్య వంతెన కట్టినట్టు పెట్టి టైమర్ మీద తీయండి. కెమెరా ఉన్నోళ్ళకైతే మ్యాక్రో లెన్సు, ఐఎస్ఓ (వెలుతురు పట్టే శక్తి) 100, ఎఫ్ 8 (లెన్సు రంధ్రం సైజు, నంబరు పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) దగ్గర మొదలుపెట్టండి. సెన్సార్ మీద కాసు దాని అసలు సైజులో పడేట్టు తీసేటప్పుడు ఎఫ్ 8 దగ్గర ఫోకస్ లో ఉండే మందం మొత్తం కలిపి సుమారు ఒక మిల్లీమీటర్, అంతే, ఎత్తైన బంగారు కాసు మీద రాజు చెంప షార్పుగా ఉండి అంచు అక్షరాలు మసకబారతాయి. ఎఫ్ 22 పెట్టేస్తే పోలా అంటే పోదు, రంధ్రం మరీ చిన్నదైతే ఫోటో మొత్తం మెత్తబడుద్ది. అలాంటప్పుడు ఫోకస్ కొంచెం కొంచెం జరిపి కొన్ని ఫోటోలు తీసి హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ లాంటి సాఫ్ట్‌వేర్ లో కలుపుకోవాలి. ఫోన్ లో సెన్సార్ చిన్నది కాబట్టి ఈ బాధ తక్కువ, ఈ ఒక్క విషయంలో ఫోనే మేలు.

కాసూ కెమెరా సమాంతరంగా ఉన్నాయా లేదా తెలియాలంటే కాసు పెట్టే చోట చిన్న అద్దం పెట్టండి, స్క్రీన్ మధ్యలో లెన్సు తన మొహం తానే చూసుకుంటా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. చేసేది ఒక్క నిమిషం పని, కానీ ఇది చేయకపోతే కాసు కోడిగుడ్డు ఆకారంలో వచ్చి, కొలతలు చూసేవాడు తికమక పడతాడు.

బ్యాక్‌గ్రౌండ్ కి ఒంగోలు వైపు వాళ్ళకి ఒక ఆశ పుడుద్ది, చీమకుర్తి గ్రానైట్ ముక్క. నల్లగా, నున్నగా, చూడ్డానికి రాజసంగా ఉంటుంది కదా అని. గెలాక్సీ గ్రానైట్ లో బంగారు రంగు చుక్కలు మెరవడమే దాని గొప్ప, ఆ మెరిసే చుక్కల మధ్య బంగారు కాసు పెడితే అంచు ఎక్కడ ఆగిందో, చుక్క ఎక్కడ మొదలైందో సాఫ్ట్‌వేర్ కి అర్థం కాదు, కాసుని కత్తిరించి కటౌట్ తీసేటప్పుడు చుక్కలు చూపిస్తది. పాలిష్ లో కాసు నీడా, మీ ఫోన్ కెమెరా నీడా రెండూ కనపడతాయి. దాన్ని వంటగట్టుకే వదిలేయండి. చేయాల్సింది ఇది: కాసు కంటే చిన్నదైన సీసా మూతో, రబ్బరు ముక్కో పెట్టి దాని మీద కాసు నిలపండి, కింద ఒక బెత్తెడు లోతులో తెల్ల కాగితమో బూడిద రంగు అట్టో పరవండి. నీడ కాసు పక్కన పడకుండా దూరంగా కింద పడుద్ది, మసకగా అయిపోద్ది, కటౌట్ తీయడం సుళువు. జిగురు, టేపు మాత్రం కాసుకి తగలనీయొద్దు.

కాసుని తోమడం గురించి ఒక్క మాట. చింతపండు, ముగ్గుపిండి, పళ్ళపొడి, ఏదీ వద్దు. దుమ్ము ఉంటే రబ్బరు బల్బుతో గాలి కొట్టండి, నోటితో ఊదితే తుంపర పడుద్ది. సముద్రం గాలి తగిలే ఊళ్ళలో కంచు కాసుల మీద లేత ఆకుపచ్చ పొడి లేస్తా ఉంటే అది ఉప్పు తిన్న జబ్బు, క్లోరైడ్ల వల్ల వచ్చేది, ఫోటో తీసి పక్కన పెట్టేసి తేమ తగలకుండా సిలికా జెల్ పొట్లాలతో దాయండి, గీకొద్దు.

రంగుల దగ్గరికొస్తే, ఫోన్ లో ఆటో వైట్ బ్యాలెన్స్ అనేదానికి కాసు తెలీదు. ఫ్రేమ్ నిండా బంగారం కనపడితే "ఇక్కడెవరో పసుపు లైటు వేశారు" అనుకొని ఆ పసుపుని తీసేస్తుంది, బంగారం పాలిపోయి ఇత్తడిలా వస్తుంది. వెండి దగ్గర దీనికి ఉల్టా, బల్బు పసుపు వెండికి ఎక్కి కూర్చుంటుంది. ఒక బూడిద రంగు కార్డు, లేకపోతే మామూలు తెల్ల కాగితం కాసు ఉన్న చోటే, అదే లైటులో పెట్టి ముందొక ఫోటో తీసుకోండి, ఎడిటింగ్ లో దాని మీద నొక్కి రంగు సరిచేసి అదే సెట్టింగ్ కాసు ఫోటోకి వేయండి. గదిలో ట్యూబులైటు, కిటికీ వెలుతురు, టేబుల్ ల్యాంపు మూడూ కలిపితే ఏ కార్డూ కాపాడలేదు, ఒక్క రకం లైటే ఉంచి మిగతావి ఆపేయండి. చవక ఎల్ఈడీ కింద ఫోటోలో అడ్డంగా చారలు వస్తా ఉంటే షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ లెక్క కుదురుద్ది.

బంగారంలో ఇంకో సంగతి, ఫోటోలో ఉండే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరల్లో ఎరుపు పొర (చానల్) ముందు నిండిపోద్ది. మొత్తం హిస్టోగ్రామ్ (చీకటి, వెలుతురు ఎంతెంత ఉన్నాయో చూపించే గ్రాఫు) చూస్తే బానే ఉన్నట్టు ఉంటుంది, విడిగా ఎరుపు చూస్తే గోడకి గుద్దుకొని ఉంటుంది, అక్కడ చెంప మీద సన్నని వివరం పోయినట్టే, తర్వాత ఎంత తగ్గించినా రాదు. కొంచెం చీకటిగా తీసి తర్వాత పెంచుకోవడమే నయం. రా (RAW) ఫైల్, అంటే కెమెరా ఏమీ మార్చకుండా దాచే ఫైలు, తీసే వీలుంటే అందులోనే తీయండి.

ఎడిటింగ్ అనగానే మనోళ్ళకి చెయ్యి ఆగదు. లైటు సరిగ్గా పడి ఉంటే ఎడిటింగ్ లో చేయాల్సింది నిజానికి కొంచెమే: రంగు సరిచేయడం, నలుపు తెలుపు హద్దులు సర్దడం, కాసుని బ్యాక్‌గ్రౌండ్ నుంచి కత్తిరించడం, ముందూ వెనకా ఒకే సైజులో పక్కపక్కన పెట్టడం. గింప్, డార్క్‌టేబుల్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఊరికే దొరుకుతాయి, ఈ పనులన్నీ అయిపోతాయి.

కత్తిరింపు దగ్గర గుండ్రటి సెలక్షన్ టూల్ తీసుకోవద్దు. రోమన్ కాసులు సుత్తి దెబ్బతో చేత్తో కొట్టినవి, ఏ ఒక్కటీ నిక్కచ్చి గుండ్రం కాదు, అంచు చీలి ఉంటుంది, ఒక పక్క సాగి ఉంటుంది. గుండ్రంగా కోస్తే ఆ చీలిక పోతుంది, అదే కాసు రేపు ఇంకోచోట కనపడితే ఇదే అదా అని పోల్చడానికి ఆ చీలికే ఆధారం. పెన్ టూల్ తో అంచు వెంబడే, విసుగొచ్చినా సరే, పోవాలి. ముందు వైపూ వెనక వైపూ ఏది ఎటు తిరిగి ఉన్నా, రెండు బొమ్మలూ నిటారుగా వచ్చేట్టు పెట్టండి.

షార్పెన్ బటన్ దగ్గర జాగ్రత్త. కొంచెం వేస్తే అక్షరాలు తేలతాయి, ఇంకొంచెం వేస్తే ప్రతి అక్షరం చుట్టూ తెల్ల గీత వస్తుంది, ఇంకా వేస్తే గరుకు మట్టి కూడా అక్షరంలా కనపడడం మొదలవుద్ది. అంతకంటే ప్రమాదం ఇప్పుడు ఫోన్లలో వస్తా ఉన్న ఏఐ ఎన్‌హాన్స్. అది ఉన్నదాన్ని తేల్చదు, ఉండొచ్చు అనుకున్నదాన్ని గీస్తుంది. రోమన్ కాసుల మీద లాటిన్ A అనే అక్షరానికి మధ్య అడ్డగీత లేకుండా చెక్కినవి బోలెడు. ఎన్‌హాన్స్ చేస్తే అడ్డగీత ప్రత్యక్షం. మన దక్షిణాదిలో ఇంకో ముఖ్యమైన సంగతి, అసలు రోమన్ కాసులతో పాటు వాటిని చూసి ఇక్కడే చేసిన అనుకరణలు కూడా దొరుకుతాయి, ఆ చేసినవాళ్ళకి లాటిన్ రాదు కాబట్టి అక్షరాలు తప్పులతడకగా, ఒక్కోసారి ఉత్త గీతలుగా ఉంటాయి. ఆ తప్పులే అది ఇక్కడి పని అని చెప్పే గుర్తు. ఏఐ వాటిని దిద్ది చక్కటి లాటిన్ చేసి పెడితే ఇక్కడి కాసు కాస్తా రోము కాసు అయిపోయింది, చరిత్ర తారుమారైంది, చేసినోడికి తెలియను కూడా తెలీదు.

అట్టాగే గాట్లు. పుదుక్కోట దగ్గర 1898లో దొరికిన 501 బంగారు కాసుల్లో చాలావాటి మీద రాజు మొహానికి అడ్డంగా ఉలి గాటు ఉంది. ఎందుకు పెట్టారనేదాని మీద పండితుల్లో వాదనలు ఉన్నాయి, ఏదైనా కావాలని పెట్టినవే. ఫోటో ఎడిట్ చేసేవాడికి అది గీతలాగా కనపడి హీలింగ్ బ్రష్ తో పూడ్చేస్తే ఆ కాసు కథలో సగం తుడిచేసినట్టే. పైగా గాటు లోతు తెలియాలంటే లైటు గాటుకి అడ్డంగా పడాలి, గాటు వెంట పడితే అసలు గాటే కనపడదు, అందుకే గాటున్న కాసుకి మామూలు ఫోటో కాక ఇంకోటి విడిగా తీయాలి. కాసులపేరుకో తాయెత్తుకో పెట్టిన బెజ్జం, అతికించిన కొక్కెం కూడా అంతే. నా నియమం సింపుల్: బ్యాక్‌గ్రౌండ్ మీద దుమ్ము తుడవొచ్చు, కాసు హద్దు లోపల బ్రష్ పెట్టకూడదు. కాసు మీద దుమ్ము కనపడితే గాలి కొట్టి మళ్ళీ తీయండి.

మ్యూజియంలో తీసేవాళ్ళకి, చెన్నై ఎగ్మోర్ మ్యూజియం లాంటి చోట రోమన్ కాసులు చూడొచ్చు కానీ అద్దం వెనక ఉంటాయి, ముందు అక్కడి వాళ్ళని అడిగి తీయండి. పోలరైజర్ ఫిల్టర్ పెడితే అద్దం మీద మెరుపు పోతుందని కొంటారు, ఏటవాలుగా చూసినప్పుడు పోతుంది నిజమే, నేరుగా ఎదురుగా తీసినప్పుడు పోదు, లోహం మీద మెరుపుకీ పెద్దగా పనిచేయదు. లెన్సుని అద్దానికి ఆనించినంత దగ్గర పెట్టి చుట్టూ నల్ల గుడ్డ కప్పడం దానికంటే నయం.

ఫోటో ఎవరికైనా చూపించేటప్పుడు దాంతో పాటు బరువు, అడ్డం కొలత రాయండి. బరువుకి ట్రంకురోడ్డు బంగారు కొట్లలో ఉండే తూకం చాలు, వంటింటి కాటా గ్రాములో పదోవంతు చూపించదు, ఈడ ఆ పదోవంతే కావాలి. అంచు ఫోటో ఒకటి విడిగా తీయండి, పోతపోసిన దొంగ కాసుకి అంచు చుట్టూ అతుకు గీత, సన్నని గాలి బుడగల గుంటలు దొరికిపోయేది అక్కడే. ఎడిట్ చేసిన కాపీ వేరు, ముట్టుకోని ఒరిజినల్ వేరు, రెండూ దాచండి. వాట్సాప్ లో మామూలుగా పంపితే సైజు కుదించేస్తుంది, డాక్యుమెంట్ గా పంపండి.

కాసు నేల్లో దొరికిందైతే దాన్ని కడిగే ముందే, ఉన్నది ఉన్నట్టు, మట్టితో సహా, కుండ ఉంటే కుండతో సహా ఫోటో తీయాలి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేల్లో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి రాతపూర్వకంగా చెప్పాలి, ఆ పది రూపాయలు అప్పటి లెక్క, దాటని కాసంటూ ఇప్పుడు ఉండదు. వందేళ్ళు దాటిన కాసు 1972 చట్టం కింద పురావస్తువు, దేశం దాటించకూడదు, లైసెన్సు లేకుండా వాటి వ్యాపారమూ కుదరదు, కాబట్టి "ఎంత పలుకుద్ది" అనే ప్రశ్నకి జవాబు ఆడే ఉంది. ఇంకోటి, ఫోన్ ఫోటోలో తీసిన చోటు జీపీఎస్ గా రాసి ఉంటుంది. గుప్తనిధుల కోసం రాత్రుళ్ళు పాత గుళ్ళు తవ్వేవాళ్ళు మన నెల్లూరు, ప్రకాశం రెండు జిల్లాల్లోనూ ఉన్నారు, వాళ్ళకి అడ్రసు ఇచ్చినట్టే అది. నలుగురికీ పంపే కాపీలో లొకేషన్ తీసేయండి, అధికారులకిచ్చే ఒరిజినల్ లో మాత్రం అట్టాగే ఉంచండి.